కుండలో మెతుకు వేరు.. చేలో మొక్క వేరు
గట్టు దాటి లోపలికి నడిస్తేనే అసలు లెక్క తెలిసేది

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో ఆడవాళ్ళు కుండలో మెతుకులన్నీ నొక్కి చూడరు. గరిటెతో నాలుగు మెతుకులు తీసి, అందులో ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, 'ఉడికింది' అని దించేస్తారు. పెళ్ళిలో వందల మందికి వండే గుండిగ దగ్గరా ఇదే పద్ధతి. ఒక్క మెతుకు చెప్పిన మాట గుండిగ మొత్తానికీ చెల్లుతుంది.

మరి మన పత్తి చేను సంగతి? చాలామంది ఏం చేస్తున్నారో మీకు తెలియంది కాదు. పొద్దున్నే బండి గట్టు మీద ఆపి, చేతికందిన రెండు ఆకులు తిరగేసి చూసి, అటునుంచి అటే మందుల కొట్టుకి వెళ్ళిపోతున్నారు. కంచికచర్ల సెంటర్లో టీ కొట్టు దగ్గర ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు వినపడతాయి.

"ఏం బాబాయ్, చేలో దోమ ఉందా?"

"ఉందిరా అబ్బాయ్. గట్టు మీద నుంచి చూస్తేనే ఆకులు ముడుచుకుని కనిపిస్తున్నాయి."

"లోపలికెళ్ళి చూశావా?"

"లోపలికెందుకురా? ఇక్కడున్నది అక్కడ ఉండదా ఏంటి?"

ఉండకపోవచ్చు. ఇక్కడ లేనిది అక్కడ ఉండనూవచ్చు. కుండలో ఎసరు మరిగి, బియ్యం కిందా మీదా తిరిగి, అన్ని మెతుకులకూ ఒకే మంట తగిలింది. అందుకే ఒక్క మెతుకు చాలింది. చేనును మాత్రం ఎవరూ గరిటె పెట్టి కలపలేదు. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట చేలలో ఒక మూల నల్లరేగడి, ఇంకో మూల ఎర్రనేల ఉంటుంది. ఒక పక్క మెరక, ఒక పక్క పల్లం. ఒక చోట నీళ్ళు నిలుస్తాయి, ఒక చోట జారిపోతాయి. ఇలాంటి చేనులో రెండాకులు చూసి ఎకరానికి తీర్పు చెప్పడం కుదరదు.

ఎన్ని మొక్కలు చూడాలి, ఏ మొక్కలు చూడాలి, చూసింది ఎలా రాసుకోవాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేదే గణాంక శాస్త్రంలో నమూనా పద్ధతి. పేరు పెద్దదే గానీ పని చిన్నది. ఐదో తరగతి లెక్కలు వస్తే చాలు.

గట్టు ఎందుకు అబద్ధం చెబుతుంది?

గట్టు పక్క మొక్కకు ఒక వైపు పోటీ ఉండదు. ఎండా, గాలీ, తేమా దానికి ఎక్కువ దొరుకుతాయి. అందుకని లోపలి మొక్క కంటే ఏపుగా పెరుగుతుంది. గట్టు మీది కలుపు మొక్కల్లో ఉన్న దోమ, తామర పురుగు ముందుగా వచ్చి వాలేదీ ఈ మొక్కల మీదే. దారి పక్క అయితే దుమ్ము పడి ఆకు రంగే మారిపోతుంది. అంటే గట్టు సాలు అనేది చేనులో ఒక భాగమే గానీ చేనుకు ప్రతినిధి కాదు.

ఇందువల్ల రెండు రకాల నష్టాలు. లోపల పురుగు లేకపోయినా మందు కొడితే డబ్బు దండగ. పైగా పురుగును తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు కూడా చచ్చి, వచ్చే వారానికి అసలు పురుగు రెట్టింపవుతుంది. లోపల పురుగు ఉండి కూడా గట్టు బాగుందని ఊరుకుంటే పంటే పోతుంది. మొదటి తప్పు జేబుకు చేటు, రెండోది కాపుకు చేటు.

తెలుగు నేల మీద పత్తి రైతు ఈ రెండు తప్పులకూ చాలా ఎక్కువ మూల్యం చెల్లించాడు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, 1997-98లో వరంగల్ వైపు పురుగు దాడి, వాటి వెంట వచ్చిన అప్పులు, ఆత్మహత్యలు ఎవరూ మరిచిపోలేదు. ఆ కష్టానికి కారణాలు అనేకం. వర్షం, ధర, వడ్డీ, కల్తీ అన్నీ ఉన్నాయి. అవన్నీ మన చేతిలో లేవు. ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు ఆగాలి అన్నది మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. దానికి కావలసింది చేతిలో ఒక కాగితం, ఒక పెన్సిలు, ఓ అరగంట నడక.

నందిగామలో చదివిన గణాంక మేధావి

ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త ఒకరు చిన్నప్పుడు మన నందిగామలోనూ చదువుకున్నారని మీలో ఎంతమందికి తెలుసు? ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. అందరూ సి.ఆర్.రావు అంటారు. 1920లో అప్పటి బళ్ళారి జిల్లా హూవినహడగళిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో బడి చదువు సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్ళి గణాంక శాస్త్రం పట్టారు. 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. గణాంక రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి 2023లో ఆయనను వరించింది. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆయన 1945లో, పాతికేళ్ళయినా నిండకముందే తేల్చిన ఒక సూత్రం ఇప్పటికీ ప్రపంచమంతా పాఠంగా చదువుతోంది. దాని లెక్క మనకు కష్టం గానీ సారం మాత్రం రైతుకు ఇట్టే అర్థమవుతుంది. నమూనాలో ఎంత సమాచారం ఉందో అంతవరకే కచ్చితత్వం వస్తుంది. ఎంత తెలివిగా లెక్క వేసినా ఆ హద్దు దాటలేం. రెండు మొక్కలు చూసి ఎకరం గురించి ఖాయంగా చెప్పగలిగే గొప్పవాడు ఎక్కడా లేడన్నమాట.

అలాగని అన్ని మొక్కలూ లెక్కపెట్టమని కాదు. 90 సెంటీమీటర్ల సాళ్ళు, 60 సెంటీమీటర్ల ఎడం పెట్టి పత్తి వేస్తే ఎకరానికి సుమారు 7,400 మొక్కలు వస్తాయి. మొక్కకు అర నిమిషం చొప్పున చూసినా 60 గంటలు దాటుతుంది. మీరు లెక్క ముగించేసరికి పురుగు ఎదిగి పక్క చేలో కాపురం పెడుతుంది. అందుకే నమూనా.

నాలుగు పద్ధతులు.. ఏది ఎక్కడ?

ఒకటి, చీటీల పద్ధతి. ఏ మొక్కను చూడాలో మీ కన్ను కాకుండా చీటీ చెప్పాలి. చేలో 80 సాళ్ళు ఉన్నాయనుకోండి. జేబులోంచి ఒక నోటు తీసి నంబరులో చివరి రెండు అంకెలు చూడండి. 37 ఉంటే 37వ సాలు. 80 దాటినా, 00 వచ్చినా ఆ నోటు వదిలేసి ఇంకోటి తీయండి. మరో నోటు చూసి సాలులో ఎన్ని అడుగులు లోపలికి వెళ్ళాలో తేల్చుకోండి. అక్కడ ఆగి, కుడి చేతి పక్కన ఏ మొక్క ఉంటే అదే చూడాలి. 'ఇది బాగాలేదు, పక్కది చూద్దాం' అనుకున్నారా, చీటీ వేసిన ఫలితం పోయింది.

రెండు, వరస పద్ధతి. చేనుకు ఇది చాలా వీలైనది. 80 సాళ్ళలో 20 మొక్కలు చూడాలంటే నాలుగు సాళ్ళకొకటి వస్తుంది. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేసి చీటీ తీయండి. మూడు వస్తే 3, 7, 11, 15.. ఇలా 79 దాకా సరిగ్గా 20 సాళ్ళు. ఒక సాలులో పది అడుగులు, తర్వాతి దాంట్లో ముప్ఫై, ఆ తర్వాత యాభై.. ఇలా ముందుకూ వెనక్కూ వంకరటింకరగా నడిస్తే చేను మొత్తం తగులుతుంది. ఒక్క జాగ్రత్త. నాలుగు సాళ్ళకొకసారి కంది వేసి ఉంటే మీ నమూనా సాలు ప్రతిసారీ కంది పక్కనే పడవచ్చు. అప్పుడు నాలుగు బదులు ఐదు సాళ్ళకొకటి తీసుకోండి. మొక్కలు నాలుగు తగ్గి 16 వస్తాయి. మిగిలిన నాలుగూ చీటీ వేసి కలుపుకోండి.

మూడు, తుండ్ల పద్ధతి. మన మెట్టకు ఇదే ముఖ్యం. చేనును ముందుగా మెరక, పల్లం, చెట్టు నీడ అని విడగొట్టండి. ఏ తుండు ఎంత ఉంటే అందులోంచి అంత నిష్పత్తిలో మొక్కలు తీయండి. ఎకరంలో ఐదో వంతు పల్లమైతే 20 మొక్కల్లో నాలుగు అక్కడివి కావాలి. తుండు లోపల మళ్ళీ చీటీయే.

నాలుగు, అంచెల పద్ధతి. ఊరు మొత్తానికో మండలానికో దిగుబడి తేల్చాలంటే ప్రతి చేనూ తిరగలేరు. ముందు చీటీ వేసి ఊళ్ళు, ఆ ఊళ్ళలో చేలు, ఆ చేలలో మళ్ళీ చిన్న మడి ఎంపిక చేస్తారు. ప్రభుత్వం చేసే పంట కోత ప్రయోగం ఇదే. దాని గురించి తర్వాత చెప్పుకుందాం.

ఇవి కాక మనందరికీ అలవాటైన ఐదో పద్ధతి ఒకటుంది. చేతికందింది చూడటం. గట్టు మీద చూపు అదే. దీన్ని పద్ధతి అనకూడదు గానీ, ఎక్కువమంది వాడేది ఇదే.

రాసుకుంటేనే రహస్యం బయటపడేది

చూసింది నోటితో చెప్పుకుంటే సాయంత్రానికి మారిపోతుంది. కాగితం మీద రాయండి. పత్తిలో మొక్కకు మూడు ఆకులు చూడాలి. పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి. 20 మొక్కలంటే 60 ఆకులు. పచ్చదోమ పిల్ల పురుగులు ఆకుకు సగటున 2 ఉంటేనో, తామర పురుగులు ఆకుకు 10 ఉంటేనో మందు గురించి ఆలోచించాలి. అంతకు తక్కువైతే ఆగవచ్చు. పురుగుతో పాటు సాలీడు, అక్షింతల పురుగు ఎన్ని కనిపించాయో పక్కన మరో గడిలో రాయండి. అవి మన తరపున కూలి అడగకుండా పనిచేసేవాళ్ళు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు కేవలం లెక్క కోసమే. ఒక ఎకరంలో 60 ఆకుల మీద మొత్తం 66 పిల్ల పురుగులు కనిపించాయి. 66ను 60తో భాగిస్తే ఆకుకు 1.1. రెండు దాటలేదు కాబట్టి మందు అక్కర్లేదు అనిపిస్తుంది. ఇక్కడితో ఆగితే పొరపాటు.

అవే అంకెల్ని తుండ్ల వారీగా విడదీసి రాయండి. మెరకలో 16 మొక్కలు, అంటే 48 ఆకులు. వాటి మీద పురుగులు 18. ఆకుకు సగం కూడా లేదు. పల్లంలో 4 మొక్కలు, 12 ఆకులు. వాటి మీద పురుగులు 48. ఆకుకు నాలుగు! నీళ్ళు నిలిచి, యూరియా ఎక్కువై ఆకు నవనవలాడుతున్న ఆ పల్లంలో పచ్చదోమ తిష్ట వేసింది. మొత్తం సగటు దాన్ని కప్పేసింది. ఇప్పుడు మీరు చేయాల్సింది ఎకరమంతా కొట్టడమూ కాదు, మొత్తానికే ఊరుకోవడమూ కాదు. పల్లం ఇరవై సెంట్లకే మందు. ఐదు ట్యాంకులు కొట్టే చోట ఒకటి చాలు.

సమాచారాన్ని క్రమంలో పెట్టడం అంటే ఇదే. అంకెలు మారలేదు. వాటిని ఏ గడిలో రాశామన్నది మారింది, దాంతో చేయాల్సిన పనే మారిపోయింది.

సగటును గుడ్డిగా నమ్మొద్దు

ఇంకో ఉదాహరణ. కాపు ఎంత వస్తుందో ముందే అంచనా వేసుకుందామని తొమ్మిది మొక్కల కాయలు లెక్కపెట్టారు. చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరసగా రాస్తే ఇలా వచ్చాయి: 18, 20, 21, 22, 24, 25, 26, 28, 104. మొత్తం 288. సగటు 32. కానీ వరసలో నట్టనడుమ ఉన్న అంకె 24. ఎనిమిది మొక్కలకు 32 కాయలు లేనే లేవు. పెంటకుప్ప పక్కనున్న ఒక్క మొక్క సగటును పైకి లాగేసింది.

కాయకు 4 గ్రాముల పత్తి, ఎకరానికి 7,400 మొక్కలు అనుకుంటే 32 లెక్కన సుమారు తొమ్మిదిన్నర క్వింటాళ్ళు. 24 లెక్కన ఏడు క్వింటాళ్ళు. ఈ రెండున్నర క్వింటాళ్ళ తేడా లెక్కలో ఉన్నదే గానీ చేలో లేనిది. దీన్ని నమ్మి అప్పు తెచ్చుకున్నా, కౌలు ఒప్పుకున్నా తర్వాత తల పట్టుకోవాల్సిందే. మొత్తం దిగుబడికి సగటే కావాలి, నిజమే. అయితే సగటూ నడిమి అంకే చాలా దూరంగా ఉంటే ఆ నమూనా చాలదని గుర్తు. ఇంకో ఇరవై మొక్కలు చీటీ వేసి చూడండి.

కనపడని పురుగుకు ఇరవై కాయలు

గులాబీ రంగు పురుగు కాయ లోపల దాగి ఉంటుంది. పైకి చూస్తే కాయ పచ్చగా నిగనిగలాడుతుంది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కొన్నేళ్ళు దీని బెడద తగ్గింది. తర్వాత ఈ పురుగు బీటీకి తట్టుకోవడం నేర్చింది. కాబట్టి కాయ కోసి చూడక తప్పదు.

పూత మొదలయ్యాక వారానికోసారి ఎకరానికి 20 మొక్కలు ఎంచుకుని, మొక్కకొకటి చొప్పున పది రోజుల వయసున్న 20 పచ్చికాయలు కోసి, చీల్చి చూడాలి. రెండింటిలో పురుగు కనిపిస్తే చర్య తీసుకోవాల్సిందే. విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూలు నూటికి పది దాటినా, లింగాకర్షక బుట్టలో వరసగా మూడు రోజులు రోజుకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడినా అంతే.

"ఇరవై కాయలెందుకు, ఐదు కోస్తే చాలదా? కాయలు దండగ" అంటారు కొందరు. లెక్క చూడండి. చేలో నూటికి పది కాయల్లో పురుగు ఉందనుకుందాం. మీరు ఐదు కాయలే కోస్తే, ఒక్కదాంట్లో కూడా పురుగు కనపడకుండా పోయే అవకాశం నూటికి 59. అంటే పదిసార్లలో ఆరుసార్లు 'చేను శుభ్రంగా ఉంది' అనుకుని ఇంటికొచ్చేస్తారు. పది కాయలు కోస్తే ఆ పొరపాటు నూటికి 35. ఇరవై కోస్తే 12. అప్పటికీ కొంచెం మిగిలే ఉంటుంది కాబట్టే వారం వారం చూడమనడం. పదిహేను కాయలు మిగిల్చుకోబోయి పంటను పణంగా పెట్టడం తెలివి కాదు గదా!

మిర్చి రైతులకూ ఒక మాట. 2021-22లో గుంటూరు, కృష్ణా, ఖమ్మం ప్రాంతాల్లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని దెబ్బతీసింది. ఇది ఎక్కువగా పూలలో చేరుతుంది. అలవాటు కొద్దీ ఆకులు మాత్రమే తిప్పి చూసినవాళ్ళకు ఆలస్యంగా తెలిసింది. ఎన్ని చూశామన్నదే కాదు, మొక్కలో ఏ భాగం చూశామన్నదీ నమూనాలో భాగమే. చీటీతో ఎంచుకున్న మొక్కల పూలను తెల్ల కాగితం మీద దులిపి లెక్కపెట్టండి.

గుప్పెడు మట్టి.. ఎకరం జాతకం

భూసార పరీక్షకు తీసేదీ నమూనాయే. పరీక్ష కేంద్రంలో వాడేది కొద్ది గ్రాముల మట్టి. ఎకరంలో ఆరు అంగుళాల లోతు మట్టి బరువు లక్షల కిలోలుంటుంది. ఆ కొద్ది గ్రాములు అంత మట్టికి సాక్ష్యం చెప్పాలి. మరి ఎంత జాగ్రత్తగా తీయాలో చూడండి.

* ఎకరంలో 8 నుంచి 10 చోట్ల వంకరటింకరగా నడుస్తూ తీయండి. నల్లనేల, ఎర్రనేల వేర్వేరుగా ఉంటే రెండు నమూనాలు తీయాలి, కలపకూడదు.

* గట్టు పక్క, చెట్టు కింద, కాలవ గట్టు, పెంటకుప్ప వేసిన చోటు, కొత్తగా ఎరువు వేసిన చోటు వదిలేయండి.

* పైనున్న చెత్త తీసేసి 'వి' ఆకారంలో ఆరు అంగుళాల గుంట తవ్వి, పక్క నుంచి పై నుంచి కింద దాకా ఒకే మందంలో మట్టిని చెక్కండి.

* అంతా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేయండి. కుండలో గరిటె చేసే పని ఇక్కడ మీ చెయ్యి చేస్తుంది.

* నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో వేయండి. యూరియా సంచి వాడితే మట్టి కాదు, సంచి పరీక్ష అవుతుంది.

2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో నీటి వసతి ఉన్న భూమిలో రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూమిలో పది హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. మీ కార్డు మీద ఉన్న అంకె మీ చేను మట్టిది కాకుండా పక్కవాళ్ళ చేనుది కూడా కావచ్చు. కార్డు పనికిరాదని కాదు, ఆ చుట్టుపక్కల సంగతి అది చెబుతుంది. మీ చేను సంగతి కావాలంటే మీ మట్టి మీరే తీసి ఇవ్వాలి. అనుమానాలుంటే జగ్గయ్యపేట దగ్గర గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో అడగండి.

ఒక కిలో తేడా.. రెండు బస్తాల మాట

వెనకటి రోజుల్లో పంటను అణాల్లో చెప్పేవారు. 'ఈ ఏడు పదహారణాల పంట', 'ఎనిమిదణాలే' అని కంటి చూపుతో తేల్చి రాసేవారు. చూసేవాడి మనసును బట్టి అణాలు పెరిగేవి, తగ్గేవి. దీనికి బదులు చీటీ వేసి ఎంచిన మడి కోసి తూచే పద్ధతిని 1920ల్లో బీహార్, ఒరిస్సాల్లో హబ్బాక్ అనే అధికారి వరికి మొదలెట్టారు. తర్వాత మహలనోబిస్ బెంగాల్లో జనపనార పంటకు భారీ నమూనా సర్వేలు నడిపారు. 1940ల్లో సుఖాత్మే, పాన్సే దేశమంతటికీ పనికొచ్చేలా పంట కోత ప్రయోగాన్ని స్థిరపరిచారు. మడి మరీ చిన్నదైతే అంచు మొక్కల్ని కూడా లోపల కలిపేసి దిగుబడి ఎక్కువ చూపిస్తారని సుఖాత్మే నిరూపించారు. మనం గట్టు సాలు గురించి చెప్పుకున్న మాట లాంటిదే ఇదీ. అంచు అక్కడా దగా చేస్తుంది.

వరిలో మడి కొలత 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. అంటే 25 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. ఆ మడి లాంటివి 162 కలిస్తే ఎకరం. ఇప్పుడు చూడండి, తూకంలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరానికి 162 కిలోల తేడా. 75 కిలోల బస్తాలు రెండుకు పైనే! తాడు సరిగా కొలవకపోయినా, నాలుగు దుబ్బులు లోపలికి లాగినా అంతే.

పంటల బీమా లెక్క దీని మీదే నిలబడుతుంది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాల్లో గ్రామం యూనిట్‌గా ఉన్న ప్రధాన పంటకు కనీసం నాలుగు ప్రయోగాలు చేయాలని ఉంది. నాలుగు మడులు ఊరందరి దిగుబడికి సాక్ష్యం. అందులో ఒకటి 'ఇది దూరం, దారి పక్కది కోద్దాం' అని మార్చారనుకోండి. దారి పక్క చేను బాగా పండితే ఊరి సగటు పెరిగి, నిజంగా నష్టపోయినవాళ్ళకు పరిహారం తగ్గిపోతుంది. 'నా చేను పాడైంది, నాదే కోయండి' అని పట్టుబట్టడమూ తప్పే. అలా వచ్చిన లెక్క ఎవరూ నమ్మరు, నిజమైన నష్టం కూడా అనుమానంలో పడుతుంది.

అందువల్ల మీ ఊళ్ళో ప్రయోగం జరిగే రోజున వెళ్ళండి. చేను ఎంపిక చీటీ ప్రకారం జరిగిందా, మడి మూల ఎక్కడ మొదలవ్వాలో అంకెల పట్టిక ప్రకారమే తేల్చారా, తాడు బిగుతుగా ఉందా, తూకం ఎంత వచ్చింది.. చూసి మీ పుస్తకంలో కూడా రాసుకోండి. మర్యాదగా అడిగితే చెబుతారు. అడగడం మన హక్కు.

పత్తి అమ్మేచోటా ఇదే సూత్రం. సీసీఐ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాకా కోత పెట్టి తీసుకుంటుంది. బండి పైన ఎండలో ఉన్న పత్తి వేరు, అడుగున చెమ్మగా ఉన్న పత్తి వేరు. పైనా, మధ్యలో, అడుగునా మూడు చోట్ల తేమ చూడమని అడగండి. దానికన్నా ముందు ఇంటి దగ్గర మీరే అడుగు పత్తిని తీసి ఆరబెట్టుకోండి.

పది రూపాయల పుస్తకం చాలు

పిల్లలు వాడి వదిలేసిన నోటుపుస్తకంలో మిగిలిన పేజీలున్నా సరే. పేజీ పైన చేను పేరు, తేదీ రాయండి. కింద ఐదు గళ్ళు గీయండి: మొక్క నంబరు, తుండు, పురుగులు, మిత్ర పురుగులు, ఏం చేశాం. పురుగు కనిపించినప్పుడల్లా ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా కొట్టండి. తర్వాత ఐదేసి కట్టలు లెక్కపెట్టుకోవడమే. మన పెద్దవాళ్ళు కల్లంలో బస్తాల లెక్క గోడ మీద బొగ్గుతో గీసింది ఇలాగే.

చదువుకున్న అబ్బాయో అమ్మాయో ఇంట్లో ఉంటే ఈ పని వాళ్ళకు అప్పజెప్పండి. బడిలో 'సగటు, మధ్యగతం' అని చదివి మరిచిపోయే పాఠం చేలో ఒక్కసారి చేస్తే జన్మలో మరిచిపోరు. వారానికి ఒక పేజీ చొప్పున రాస్తే, రెండు మూడేళ్ళకు మీ చేనులో ఏ తుండులో ఏ నెలలో ఏ పురుగు మొదలవుతుందో ఆ పుస్తకమే చెబుతుంది. ఏ కొట్టు యజమానీ, ఏ అధికారీ మీ చేను గురించి అంత కచ్చితంగా చెప్పలేరు.

ఈసారి చేనుకు వెళ్ళినప్పుడు బండి గట్టు మీద ఆపండి. కానీ మీరు గట్టు మీద ఆగొద్దు. జేబులోంచి నోటు తీసి నంబరు చూసి, ఆ సాలులోకి దిగండి. ఆ నోటు ఖర్చు పెట్టకుండానే మందు ఖర్చు మిగిల్చిపెట్టే దారి అదొక్కటే.